తోటి వేషం, తోటి ముఖం
(వరుస వ్యాసాలు – 19)



తిరుపతి గంగ జాతర ముగిసిన రెండు వారాలకు మా ఫైనల్ ఇయర్ విద్యార్థి ఒకడు స్టాఫ్ రూముకొచ్చి నా బల్ల మీద ఒక కాయితం పరిచాడు. కాంటాక్ట్ షీటు. అంటే ఒక రీలులోని ఫోటోలన్నిటినీ తపాలా బిళ్ళలంత సైజులో ఒకే కాయితం మీద వేసినది. వాళ్ళ మామ అటక మీద పడేసిన పాత పెంటాక్స్ కె1000 కెమెరాను దించి, బాగుచేయించి, ఒక బ్లాక్ అండ్ వైట్ రీలు తెప్పించుకుని జాతరంతా తిరిగాడట. రీలు ఖరీదు వాడి వారం రోజుల మెస్ బిల్లు. తిరుపతిలో కడిగేవాళ్ళు దొరక్క చెన్నైకి కొరియర్ చేశాడు.

"ఇంత కష్టం ఎందుకురా, చేతిలో ఫోన్ ఉంది కదా" అన్నాను.

"ఫోన్లో అందరూ తీస్తారు మేడం. ఇట్ట తీస్తే చరిత్ర మాదిరి ఉంటాది" అన్నాడు.

భూతద్దం తెప్పించి ఒక్కొక్క ఫోటో చూశాను. మొత్తం 36. అందులో 31 వేషాలవి. వాటిలో 9 ఫోటోల్లో వెనకాల పలకలు ఉన్నాయి. (మా వైపు డప్పును పలక అంటారు.) చేతులు, పుల్లలు, పంచెలు కనిపిస్తున్నాయి. పలక కొట్టే మనిషి ముఖం ఫ్రేములో ఉన్నది ఒక్క ఫోటోలోనే. అది కూడా ఒక నల్లటి ముద్ద. కళ్ళు లేవు, ముక్కు లేదు.

ఆ ముద్ద మీద వేలు పెట్టి "ఇదెవరు?" అన్నాను.

వాడు కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా చిన్నాయన మేడం."

మిత్రులారా, ఈ భాగం ఆ నల్లటి ముద్ద గురించి. మన పిల్లవాడే, మన పల్లెలో పుట్టినవాడే, సొంత చిన్నాయన ముందు నిలబడి ఫోటో తీస్తే చిన్నాయన ముఖం ఎందుకు రాలేదు? వాడికి ఫోటో తీయడం చేతకాక అనుకుంటే మనం పొరబడినట్టే. దాని వెనక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

*

ముందు జాతర సంగతి, బయటి జిల్లాల మిత్రుల కోసం.

తాతయ్యగుంట గంగమ్మ కథ అందరికీ తెలిసిందే. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు ఒకడు. వాడిని చంపడానికి గంగమ్మ వేషాలు మార్చుకుంటూ ఊరంతా వెతుకుతుంది. అందుకే జాతరలో వరసగా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం వస్తాయి. దొర వేషంలో పాలెగాడి తల నరుకుతుంది. ఆ తర్వాత మాతంగి వేషం. గుడి తరఫున ఈ వేషాలు కట్టే హక్కు తరతరాలుగా కైకాల కుటుంబాలది. భక్తులు కూడా మొక్కుకుని వేషాలు కడతారు. ఈ జాతర మీద అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 1990ల నుంచి తిరుపతి వచ్చి పనిచేసి 2013లో ఇంగ్లీషులో ఒక పూర్తి పుస్తకం రాసింది. అంత దూరం వెళ్ళింది మన జాతర పేరు.

ఈ వేషాల్లో రెండు పేర్లను మనం ఆగి చూడాలి. తోటి, మాతంగి.

తోటి అంటే ఎవరు? మునసబు, కరణం కింద పనిచేసిన ఊరి నౌకరు. చాటింపు వేయాలి, చావు కబురు మోయాలి, చచ్చిన పశువును ఎత్తాలి, అధికారి వస్తే మూట మోస్తూ వెంట నడవాలి. మా వైపు ఆ పని చేసింది మాల మాదిగలే. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. తోటి అనే మాట మాత్రం తిట్టుగా మిగిలింది. ఇక మాతంగి మాదిగ స్త్రీ. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకంలోనూ, 1909 నాటి థర్‌స్టన్ సంపుటాల్లోనూ మాతంగిని మాదిగ స్త్రీగానే వర్ణించారు.

రెండు వేషాలూ మనవి. కట్టేది మనం కాదు. మనం వెనకాల పలక కొడతాం.

నేను జాతరకు వ్యతిరేకిని కాదు. చిన్నప్పుడు మా అవ్వ చంకన కూర్చుని చూసినదాన్ని. అమ్మవారు తోటి రూపంలో వచ్చిందంటే అది తోటికి గౌరవమే కదా అని వాదించే పెద్దలున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఒక్క పూటైనా ఊరు ఊరంతా తోటికి దండం పెట్టాల్సి వస్తుంది. అయితే ఆ తోటి ఎలా తయారవుతాడు? ఒంటినిండా బొగ్గు పూసుకుని. సాయంత్రం కడుక్కుంటే బొగ్గు పోతుంది. మా తాత ఒంటి మీద బొగ్గు లేదు, కడుక్కుని పోగొట్టుకోవడానికి.

*

ఇప్పుడు ఫిల్మ్ సంగతికి వద్దాం. సైన్సు చదివే మిత్రులకు ఇది తెలిసే ఉంటుంది. ఆర్ట్స్ వాళ్ళు ఓపిక పట్టండి, ఇందులో మన చరిత్ర ఉంది.

జాతరలో మొదటి మూడు వేషాల రంగులు చూడండి. బైరాగికి తెల్లటి నామకొమ్ము. బండకు ఎర్రటి కుంకుమ. తోటికి నల్లటి బొగ్గు. మొదట్లో వచ్చిన ఫోటో పలకలకు నీలి వెలుగు మాత్రమే తెలిసేది. తర్వాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ రకానికి ఆకుపచ్చ కూడా తెలిసింది. ఎరుపు మాత్రం తెలియదు. అందుకే స్టూడియో చీకటి గదిలో ఎర్ర బల్బు వేసుకుని పనిచేసేవాళ్ళు. ఎరుపు తెలియని ఫిల్మ్ మీద కుంకుమ నల్లగా పడుతుంది. బండ వేషమూ తోటి వేషమూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అన్ని రంగులూ గుర్తించే పాంక్రొమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చాయి. అవి మామూలు వాడకంలోకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మనిషి చర్మం గోధుమ రంగులో ఎరుపు పాలు ఎక్కువ. ఎరుపు తెలియని పలక మీద మన ముఖాలు ఉన్నదానికన్నా నల్లగా పడతాయి. మనల్ని మొట్టమొదట ఫోటో తీసింది అలాంటి పలకల మీదే.

తీసిందెవరు? 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వానికి ఈ దేశంలో ఏ మనిషి ఎవరో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. 1868 నుంచి 1875 వరకు వాట్సన్, కే అనే ఇద్దరు అధికారుల సంపాదకత్వంలో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. ఫోటో కింద ఎక్కువగా ఉండేది కులం పేరు, తెగ పేరు. దక్షిణాదిలో ఆ పని చేసింది మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్. కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టలేదు, 1911లో ఏర్పడింది. మన తిరుపతి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. థర్‌స్టన్ ముక్కులు కొలిచాడు, పుర్రెలు కొలిచాడు, ఫోటోలు తీయించాడు. పాములాడించేవాళ్ళు, భిక్షాటనతో బతికే ఆటగాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఆ సంపుటాల్లో కులాలుగా ఉన్నారు. మనుషులుగా పేర్లతో లేరు. ఇప్పటికీ మనం పిహెచ్‌డీల్లో ఆ సంపుటాలనే ఉటంకిస్తున్నాం. నేనూ ఉటంకించాను.

కాబట్టి మన కళాకారుల ఫోటో చరిత్ర పేరు లేకుండానే మొదలైంది.

*

తర్వాత స్టూడియోల కాలం. ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా తాత పలక కొట్టేవాడు. తోటి పని కూడా ఆయనదే. ఆయన ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఉన్న ఒకే ఒక్కటి మా ఊళ్ళో ఒక పెద్ద ఇంటి హాలులో ఉంది. 1978 ప్రాంతంలో మా ఊరి జాతరకు తీసింది. నేను బీఎడ్ చదివేటప్పుడు ఒకసారి నాయనతో కలిసి ఆ ఇంటికి పోయి, గుమ్మం దగ్గర నిలబడి, ఫోన్‌తో దాన్ని ఫోటో తీసుకున్నాను. మధ్యలో వేషం కట్టిన మనిషి. పక్కన ఆ ఇంటి పెద్దలు. ఎడమ అంచున ఒక పలక, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి, సగం చెవి. అంతే. మిగతా మనిషి ఫ్రేము బయట ఉన్నాడు.

మా అవ్వకు చూపించాను. చూపు ఆనదు ఆమెకు. కళ్ళ దగ్గరికి పెట్టుకుని చూసి, "ఆ చెయ్యి మీ తాతదే పాపా. చిటికెన పుల్లను అట్ట పట్టుకునేది ఆయనొకడే" అంది.

ఆ ఫోటో తీసిన మనిషికి మా తాత మీద కోపమేమీ ఉండదు. లెక్క చూడండి. అప్పట్లో ఊళ్ళకు వచ్చే ఫోటోగ్రాఫర్ల చేతుల్లో ఎక్కువగా 120 రీలు కెమెరాలుండేవి. ఒక రీలుకు చదరపు ఫోటోలు 12. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో మన దేశంలోనే ఫిల్మ్ తయారుచేసింది. అయినా ప్రతి ఫోటోకూ ఫిల్మ్, కాయితం, మందు ఖర్చు ఉంటుంది. ఆ 12కూ డబ్బిచ్చేవాళ్ళు ఉండాలి. డబ్బిచ్చే వాళ్ళను మధ్యలో పెట్టాలి. పలక కొట్టేవాడికి ఆ రోజు కూలీ కల్లు ముంత, కొన్ని గింజలు. ఆయన ఫోటో ఎవరు కొంటారు?

ఇక రాత్రి పూట ఫోటోలైతే ఫ్లాష్ కావాలి. ఫ్లాష్ వెలుగు దూరానికి ఎలా తగ్గుతుందో ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. వేషం కట్టిన మనిషి కెమెరాకు ఐదడుగుల దూరంలో ఉండి, పలక కొట్టేవాడు పది అడుగుల దూరంలో ఉంటే, మనవాడికి దక్కేది నాలుగో వంతు వెలుగు. ఐదడుగుల చోట ఎవరు నిలబడాలో ఊరు ముందే నిర్ణయించింది. కెమెరా దాన్ని నాలుగింతలు చేసింది.

*

అయితే మా విద్యార్థి తీసింది పగలు. ఫ్లాష్ లేదు. చిన్నాయన ముఖం ఫ్రేములోనే ఉంది. మరి ముద్ద ఎందుకయింది?

వాడినే అడిగాను. వాడు ఆ రోజు రాత్రంతా వీడియోలు చూసి మర్నాడు వచ్చి చెప్పాడు. కెమెరాలో ఉండే లైట్ మీటర్ మనిషిని గుర్తుపట్టదు. తన ముందున్నదంతా కలిపితే ఒక మధ్యరకం బూడిద రంగు అవుతుందని అనుకుంటుంది. ఎండలో తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు, సున్నం కొట్టిన గోడ ఉంటే, "వెలుగు ఎక్కువైంది, తగ్గించు" అంటుంది. ఫోటోగ్రాఫర్ తగ్గిస్తాడు. పంచె చక్కగా వస్తుంది. నల్లటి ముఖం మునిగిపోతుంది. ముఖం దగ్గరికి పోయి, ఆ ముఖానికి ఎంత వెలుగు కావాలో విడిగా కొలిస్తే ఈ తప్పు జరగదు.

"కొలిచినావా?"

"వేషానికి కొలిచినా మేడం. చిన్నాయనకు కొలవలా."

మునిగిపోవడం అంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. ఫిల్మ్ మీద వెండి లవణం రేణువులు ఉంటాయి. వెలుగు పడిన రేణువులు డెవలపర్‌లో నల్లటి వెండిగా మారి ఫిల్మ్ మీద నిలబడతాయి. వెలుగు పడని రేణువులు హైపోలో కరిగి కొట్టుకుపోతాయి. అందువల్ల నెగెటివ్ మీద చిన్నాయన ముఖం ఉండాల్సిన చోట ఉత్త ఫిల్మే ఉంది. అద్దంలా అవతలివైపు కనిపిస్తుంది. తర్వాత ఎంత గొప్ప ల్యాబ్‌కు పంపినా ఆ ముఖాన్ని తిరిగి తేలేరు. అక్కడ ఏమీ రాయబడలేదు కాబట్టి.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. మన పురాతన సాహిత్యంలో మాల మాదిగలు ఎక్కడున్నారని వెతికినప్పుడు నాకు తగిలింది ఇలాంటి ఖాళీయే. తర్వాత వచ్చినవాళ్ళు ఎంత వ్యాఖ్యానం చేసినా, ముందు రాయనిది కనిపించదు.

*

ఇంకొక సంగతి. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఆ వెండి రేణువులను ఫిల్మ్ మీద పట్టి ఉంచేది జెలటిన్. పశువుల తోళ్ళను, ఎముకలను ఉడికించి తీసే పదార్థం. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ ఆ పద్ధతి ప్రకటించాడు. అప్పటి నుంచి పొడి పలకలైనా, ఫిల్మ్ అయినా, సినిమా రీళ్ళైనా దాని మీదే నడిచాయి. 1920ల్లో కొడాక్ ప్రయోగశాలలో శామ్యూల్ షెపర్డ్ ఒక రహస్యం కనిపెట్టాడు. కొన్ని జెలటిన్లతో చేసిన ఫిల్మ్ ఎందుకు బాగా పనిచేస్తుంది, కొన్నిటితో ఎందుకు చేయదు? ఆ పశువులు మేసిన ఆవ జాతి మొక్కల్లోని గంధకం తోలులో చేరి ఫిల్మ్‌కు చురుకుదనం ఇస్తోందట.

అంటే చచ్చిన పశువు తోలు లేనిదే ఫోటో లేదు. ఆ తోలు ముట్టుకున్నాడని మా తాతను అరుగు ఎక్కనివ్వని ఇంటి హాలులో, ఆ తోలు జెలటిన్ మీద నిలబడిన పెద్దల ఫోటో పూలదండతో వేలాడుతోంది. పలకకు కట్టినప్పుడు మైల అయిన తోలు ఫిల్మ్‌కు పూసినప్పుడు కాలేదు. మైల తోలులో ఉండదని, ముట్టుకున్న మనిషి కులంలో చూస్తారని ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

*

ఈ పోరాటం మనకొక్కరికే కాదు. అమెరికాలో 1830ల నుంచి తెల్ల నటులు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని నల్లవాళ్ళ వేషం కట్టి నవ్వించేవాళ్ళు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ దానికి జవాబుగా కెమెరా ముందు కూర్చున్నాడు. ఒకసారి కాదు, జీవితంలో దాదాపు 160 ఫోటోలు. పందొమ్మిదో శతాబ్దంలో అంత ఎక్కువగా ఫోటో తీయించుకున్న అమెరికన్ ఇంకొకడు లేడంటారు. కోటు వేసుకుని, నవ్వకుండా, సూటిగా చూస్తూ. మసి పూసిన ముఖం ఒకవైపు, సొంత ముఖం ఒకవైపు. ఫోటోగ్రఫీ మీద ప్రత్యేకంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

మన ఇళ్ళలో ఆ పని చేసింది బాబాసాహెబ్. సూటు, కళ్ళద్దాలు, చేతిలో పుస్తకం. అవన్నీ నలుపు తెలుపు ఫోటోలే. నీలం సూటు మనవాళ్ళు తర్వాత వేసుకున్న రంగు. మా తాత చనిపోయినప్పుడు దండ వేయడానికి ఫోటో లేకపోతే మా నాయన అంబేడ్కర్ ఫోటోకే దండ వేశాడు. ఇప్పటికీ తాత వర్ధంతికి అదే ఫోటో.

మనం పత్రికల్లోకి వచ్చింది ఎప్పుడు? 1985 జులై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. చచ్చాక వచ్చాం. పండగ రోజు పలక పట్టిన చెయ్యిగా, ఊచకోత మర్నాడు శవంగా. ఆ రెండింటి మధ్య బతికిన మనిషి ముఖం ఏది? 1994లో ఈదుముడిలో దండోరా పుట్టాక డప్పు ఊరేగింపు ముందుకు వచ్చింది, కొట్టే మనిషి కూడా దానితో ముందుకు వచ్చాడు. బొంబాయిలో సుధారక్ ఓల్వే అక్కడి మునిసిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులను ఏళ్ళ తరబడి నలుపు తెలుపులో తీశాడు. వాళ్ళు కూడా తోటులే, బొగ్గు పూసుకోని తోటులు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నలుపు తెలుపు ఫిల్మ్‌లోనే దోషం ఉంటే ఆ ఫోటోలు వచ్చి ఉండేవి కావు. ఆయన ఆ ముఖాలకు వెలుగు కొలిచాడు.

*

మా విద్యార్థి ఇంకొక రీలు తెచ్చుకున్నాడు. ఆదివారం ఊరికి పోయాడు. చిన్నాయన కొట్టం ముందు మంట వేసి పలక కాచుకుంటుంటే, నీడపట్టున, ముఖానికి విడిగా మీటర్ చూసి తీశాడు. సోమవారం నాకు చెప్పాడు.

"తీసినాక చిన్నాయన ఏమన్నాడో తెలుసా మేడం? 'పలక లేకుండా ఒకటి తియ్యి నాయనా. చొక్కా మార్చుకుని వస్తా, కుర్చీలో కూర్చుంటా' అన్నాడు."

నేను కొంచెం తడబడ్డాను. పలకతో గర్వంగా నిలబడిన కళాకారుడి ఫోటో కావాలని నా మనసులో ఉంది. మన సభల్లో, మన పోస్టర్ల మీద మనం కోరుకునేది కూడా అదే. ఆయన కోరుకున్నది వేరు. ఒక్కసారైనా పలక లేని మనిషిగా కనిపించాలనుకున్నాడు. థర్‌స్టన్ ఆయనను అడగలేదు, ఊరి పెద్ద అడగలేదు. నేనూ అడగలేదు కదా?

"తీసినావా?"

"రెండూ తీసినా."

చెన్నై నుంచి వచ్చిన ప్రింట్లు చూశాను. రెండింటిలోనూ కళ్ళు కనిపిస్తున్నాయి. ప్రింట్ల వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాయించాను. ఒక్కొక్క కాపీ చిన్నాయనకు ఇచ్చి రమ్మన్నాను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన్ను అడగకుండా అది నా చేతిలో ఉండకూడదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. మీ ఇంట్లో, మీ వాడలో పాత నలుపు తెలుపు ఫోటోలు ఉంటే తీయండి. అంచుల్లో చూడండి. చెయ్యి, చెవి, పుల్ల, పలక, ఏదో ఒకటి ఉంటుంది. గుర్తుపట్టగల అవ్వలు, తాతలు ఇంకా కొందరు బతికి ఉన్నారు. వాళ్ళు పోకముందే అడిగి వెనక పేరు రాయండి. కొత్తగా తీసేవాళ్ళు ముందు ఆ మనిషిని అడగండి: నువ్వు ఎట్ట కనపడాలనుకుంటున్నావు? ఆ తర్వాత ఆ ముఖం దగ్గరికి పోయి వెలుగు కొలవండి.

మా అవ్వ గుర్తుపట్టిన ఆ చేతి ఫోటో వెనక నేను పేరు రాయలేకపోయాను. అది మా గోడ మీద లేదు. కానీ నా ఫోన్‌లో ఉన్న కాపీకి మా తాత పేరు పెట్టుకున్నాను. మధ్యలో ఉన్న వేషం పేరు కాదు.

వచ్చే భాగంలో పంబ వాద్యం గురించి, దాన్ని మోసిన మాల గురువుల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.